బెంచీ మీద హీరో

16 సీజన్లలో ప్లేఆఫ్స్ కాకుండా 1,057 మ్యాచ్‌లాడిన మనిషి, మొదటి అయిదుగురిలో ఒకడిగా దిగింది 349 సార్లే. మిగతా అన్నిసార్లూ ఆట మొదలయ్యాక బెంచీ మీంచి లేచి వెళ్లినవాడే. సగటున ఆడింది 25 నిమిషాలు, చేసింది 13.3 పాయింట్లు. పేరు చెప్పకుండా ఈ అంకెలు చూపిస్తే, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఎలాగో నెట్టుకొచ్చిన ఓ మోస్తరు ఆటగాడనుకుంటాం. కానీ అర్జెంటీనాకు చెందిన మను జినోబిలి శాన్ ఆంటోనియో స్పర్స్‌తో నాలుగు టైటిళ్లు గెలిచాడు, 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కాడు. ఇంత తేడా ఎలా వచ్చిందంటే, జట్టు కోసం త్యాగం చేశాడంటారు అభిమానులు. నేనొప్పుకోను. అతన్ని త్యాగమూర్తిని చేస్తే అసలు పనితనం మరుగున పడుతుంది.

అప్పటి స్పర్స్ కోచ్ గ్రెగ్ పోపోవిచ్ లెక్క చూడండి. టిమ్ డంకన్, టోనీ పార్కర్ ఆటను మొదలుపెడతారు. వాళ్లు ఊపిరి తీసుకోవడానికి పక్కకొచ్చినప్పుడు ఏ జట్టైనా తడబడుతుంది. సరిగ్గా అప్పుడు జినోబిలి దిగి, ప్రత్యర్థి రెండో వరుస మీద విరుచుకుపడతాడు. మ్యాచ్ తేలే ఆఖరి నిమిషాల్లోనూ సాధారణంగా కోర్టులో అతనుండాల్సిందే. ఓపెనర్ కాలేదని ఫినిషర్‌ను చూసి జాలిపడటం క్రికెట్ చూసే మనకు అలవాటు లేదు కదా! 2007-08లో సగటున 19.5 పాయింట్లు చేసి ఉత్తమ సిక్స్త్ మ్యాన్ (బెంచీ ఆటగాడు) అవార్డు అందుకున్నాడు. అదే ఏడాది లీగ్ మొత్తంలోంచి ఎంచిన మూడో అత్యుత్తమ జట్టులోనూ చోటు దక్కింది. ఒక సబ్‌స్టిట్యూట్‌కు!

డంకన్ లాంటి దిగ్గజం పక్కనుంటే ఎవరైనా గెలుస్తారనే వాదన ఒకటుంది. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 1999లో మొత్తం 58 మందిని తీసుకుంటే జినోబిలి వంతు 57వది కాబట్టి, అదృష్టజాతకుడన్న మాట బాగానే అతుకుతుంది. అయితే స్పర్స్ జెర్సీ వేసుకోకముందే, 2001లో ఇటలీలోని బొలోన్యా జట్టుతో యూరోలీగ్ గెలిచాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో అర్జెంటీనా 89-81తో అమెరికాను ఓడించినప్పుడు 29 పాయింట్లు అతనివే. ఆ రోజు ఓడిన అమెరికా జట్టులో ఉన్నది సాక్షాత్తూ డంకన్! ఫైనల్లో ఇటలీని కూడా ఓడించి అర్జెంటీనా స్వర్ణం పట్టుకెళ్లింది. జట్టు భారమంతా మోయగలడా అన్న సందేహం అక్కడే తీరిపోవాలి.

మరి అంతటివాణ్ని 25 నిమిషాలకే పరిమితం చేయడం వృథా కాదా? ఈ ప్రశ్నలో పస ఉంది. ఇంకో జట్టులో ఉంటే వ్యక్తిగత రికార్డులు తప్పకుండా పెరిగేవి. కానీ అతని ఆటంతా ఒంటిని పణంగా పెట్టేదే. ఎడమ చేత్తో బంతి కొడుతూ అటో అడుగు ఇటో అడుగు వేసి, పొడగరుల మధ్యకు చొరబడి, తరచూ నేలమీద పడి లేచేవాడు. ఆ తీరులో రోజూ 38 నిమిషాలు ఆడి 41 ఏళ్ల వయసులో, 2018లో రిటైరయ్యేదాకా నిలబడటం నమ్మశక్యం కాదు. తెగింపు ఎదురుతన్నిన రోజులూ ఉన్నాయి. 2006లో డాలస్‌తో ప్లేఆఫ్ సిరీస్ ఏడో మ్యాచ్ ఆఖర్లో స్పర్స్ మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. బుట్టవైపు దూసుకెళ్తున్న డాలస్ ఆటగాడు నోవిట్స్కీని జినోబిలి ఫౌల్ చేశాడు. బంతి పడింది, ఫ్రీ త్రో కూడా పడింది, స్కోరు సమమైంది. ఓవర్‌టైమ్‌లో సిరీస్ చేజారింది. 2009లో స్టేడియంలోకి గబ్బిలం దూరితే దాన్నీ ఒట్టి చేత్తో కొట్టి పడేసి, తర్వాత రేబిస్ ఇంజెక్షన్లు పొడిపించుకున్నాడు. ఆలోచించే వ్యవధి ఇచ్చుకోని మనిషి!

ఆ దూకుడును కొలిచి వాడితే ఏమవుతుందో 2014 ఫైనల్స్ అయిదో మ్యాచ్ చెబుతుంది. డంకన్, పార్కర్‌లతో మొదలైన స్పర్స్ కాసేపటికే 6-22తో మయామీ చేతిలో చతికిలపడింది. అప్పటికి 36 ఏళ్లున్న జినోబిలి బెంచీ మీంచి వచ్చాడు. సహచరుడు లెనర్డ్‌తో కలిసి అంతరాన్ని తగ్గిస్తూపోయి, రెండో క్వార్టర్లో క్రిస్ బోష్ మీదుగా ఎగిరి బంతిని బుట్టలో కుక్కాడు. అతని ఖాతాలో 19 పాయింట్లు. స్పర్స్ 104-87తో గెలిచి టైటిల్ పట్టేసింది.