పిడి చెప్పే కత్తి కథ

ఏప్రిల్ చివర్లో గుంటూరు బ్రాడీపేట లైన్లలో నడుస్తుంటే రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. బొండాల బండి దగ్గర ‘థప్’మని తడి చప్పుడు, ఆవకాయ కాయలు కొట్టేచోట ‘టక్’మని పొడి చప్పుడు. రెండూ పెద్ద కత్తులే. కానీ ఒకదాని పని రెండోది చెయ్యలేదు. ఎందుకో తెలియాలంటే అలుగు కంటే ముందు పిడిని చూడాలి.

బొండాల కత్తిది విసురు. బరువంతా పిడికి దూరంగా, ముందు భాగంలో ఉంటుంది. కత్తి వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది, బరువు రెట్టింపైతే రెండింతలే. అందుకే చేతికి భారమయ్యే కత్తి కంటే మణికట్టుతో చురుగ్గా తిప్పగలిగేదే మేలు. పిడి చివర కాస్త లావుగా ఉంటే తడిచెయ్యి జారదు. దెబ్బ ఏటవాలుగా పడాలి. అప్పుడే డొక్కలోని పీచు నలగకుండా తెగుతుంది.

ఆవకాయ దగ్గర ఈ విసురే శత్రువు. ముక్కకి టెంక పెంకు అంటిపెట్టుకుని ఉండాలి, ఏడాది పొడుగునా ముక్క మెత్తబడకుండా కాసేది అదే. గుంటూరు కారం ఎంత మంచిదైనా పెంకు ఊడిన ముక్కను నిలబెట్టలేదు. చేత్తో విసిరిన కత్తి రెండుసార్లు ఒకే గీత మీద పడదు, పెంకు చిట్లుతుంది. అందుకే ఈ కత్తి కొసను చెక్కపలకకు మేకుతో బిగించేశారు. కొస కదలదు, పిడి మాత్రమే లేస్తుంది, దిగుతుంది. తాంబూలం పళ్లెంలోని అడకత్తెరది కూడా ఇదే సూత్రం. పోకచెక్క స్థానంలో ఇక్కడ మామిడికాయ ఉంటుంది, అంతే.

లెక్క చూడండి. మేకు నుంచి పిడి 40 సెంటీమీటర్ల దూరంలో, కాయ 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. పిడి మీద 10 కిలోల బరువు మోపితే టెంక మీద 40 కిలోలు పడుతుంది. పిడి పొడుగు ఊరికే పెట్టింది కాదు. వంటింటి కత్తిపీటకైతే అసలు పిడే లేదు. పీటను కాలితో తొక్కిపెడితే రెండు చేతులూ వంకాయకే మిగులుతాయి. మెత్తటి కాయకి అది చాలు.

ఇలాంటి కత్తులు చాలావరకు పాత లారీ కమానుపట్టీల నుంచి పుడతాయి. ఆ ఉక్కులో కర్బనం అర శాతం పైచిలుకు. కొలిమిలో ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది గానీ పెళుసవుతుంది. మళ్లీ సన్నసెగ చూపిస్తేనే దెబ్బకు ఓర్చుకునే గుణం వస్తుంది. ఈ రెండో కాక దగ్గర తొందరపడితే టెంక తగలగానే వాదర పెచ్చులూడిపోతుంది.

‘అమ్మా, ఎనిమిది ముక్కలా, పన్నెండా?’ అని అడుగుతూనే కాయ తిప్పుతాడు కొట్టేవాడు. జీడి, పొర తీసుకోవడం మన పని. అతని కత్తిని దగ్గరగా చూశాను. ఏళ్ల తరబడి సానపట్టగా, కాయ పడేచోట వాదర నెలవంకలా లోపలికి అరిగింది. అక్కడ పలకకూ అలుగుకూ మధ్య సందు. ఆ సందులో పడిన కాయ తెగకుండా నలుగుతుంది. అందుకని కాయను రెండున్నర సెంటీమీటర్లు పిడి వైపు జరిపాడు. ఇందాకటి లెక్కలో 10 కిలోలు మోపే చెయ్యి ఇప్పుడు పన్నెండున్నర మోపాలి. భుజం కాస్త ముందుకు వంచి, ‘టక్’మనిపించాడు.