మోటారుబండికి కన్ను: మిల్లీమీటరు తరంగముల యాంటెన్నా

పొగమంచు క్రమ్మిన రాత్రి మోటారుబండి నడుపువానికి ముందుపోవు సైకిలు కానరాకపోవచ్చును. గంటకు 72 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకండునకు 20 మీటర్లు సాగును. చూచి, తెలిసికొని, బ్రేకు త్రొక్కులోపల కీడు జరిగిపోవును. ఈ కొఱతను దీర్చుటకే నేటి బండ్లలో రాడారు అను యంత్రము నమర్చుచున్నారు. ఆ యంత్రమునకు నోరును చెవియు యాంటెన్నాయే. దాని నిర్మాణమును విద్యార్థులకు సులభముగా దెలుపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

కొండ యెదుట నిలిచి కేకవేసినచో ప్రతిధ్వని వచ్చుట మన మెఱిగినదే. రాడారు శబ్దమునకు బదులుగా రేడియో తరంగములను బంపును. అవి సెకండునకు మూడులక్షల కిలోమీటర్లు పోవును గావున, 100 మీటర్ల దూరముననున్న లారీని దాకి తిరిగివచ్చుటకు సెకండులో పదిలక్షలవ భాగమైనను పట్టదు. ఆ కాలమును గొలిచి దూరమును, 1842లో డాప్లరు పండితుడు తెలిపిన సూత్రముచే వేగమును గ్రహింతురు. ఇక దిక్కును దెలుపు భారము యాంటెన్నాపైననే పడును.

ఇచ్చట ప్రకృతిధర్మ మొకటి కలదు. యాంటెన్నా వెడల్పు తరంగదైర్ఘ్యమునకు ఎన్నిరెట్లుండునో, దాని చూపు అంత సూక్ష్మమగును. 10 డిగ్రీల యెడముగల రెండు వస్తువులను వేఱుపఱచుటకు సుమారు ఆరురెట్ల వెడల్పు కావలయును. తరంగము ఒక మీటరు పొడవుగలదైనచో యాంటెన్నా ఆరు మీటర్లుండవలెను. అట్టిదానిని ఏ బండియు మోయజాలదు. బండ్లకు వాడు 77 గిగాహెర్ట్జుల తరంగము పొడవు 3.9 మిల్లీమీటర్లు మాత్రమే. కావున అంగుళములోపలి వెడల్పే చాలును. తరంగమును చిన్నది చేయుటయే యంత్రమును చిన్నది చేయుటకు మార్గము.

ఇట్టి పొట్టి తరంగములను మొట్టమొదట బుట్టించి పరిశోధించినవారిలో మన దేశీయులగు జగదీశ చంద్ర బోసుగారు ముఖ్యులు. కలకత్తా సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ లాఫోంట్ గారివద్ద భౌతికశాస్త్రము నేర్చిన వీరు, 1895లో ఆ నగరముననే తమ ప్రయోగములను బహిరంగముగా జూపిరి. వారి తరంగములలో పొట్టివి సుమారు 5 మిల్లీమీటర్లు. వానిని బట్టుటకు గరాటువంటి లోహపు కొమ్మును వాడి, 1897లో లండనునందు ప్రదర్శించిరి.

నేటి బండి యాంటెన్నా పలుచని పలకపై అంటించిన రాగిరేకు ముక్కల వరుస. ఒక్కొక్క ముక్క పొడవు సుమారు 1.1 మిల్లీమీటరు. వీణతంత్రి పొడవు మారిన స్వరము మారునట్లే, ఈ ముక్క పొడవు మారిన దాని స్వరమును మారును. తలవెండ్రుక మందముకంటె తక్కువయగు 0.02 మిల్లీమీటరు తప్పినను స్వరము దాదాపు ఒకటిన్నర గిగాహెర్ట్జు జరుగును. దూరదృష్టిగల రాడారులకు 76 మొదలు 77 వఱకు గల ఒక్క గిగాహెర్ట్జు మాత్రమే యియ్యబడినది. తరంగము చిన్నదగుటచే స్థలము గలిసివచ్చినది గాని, తప్పునకు చోటు లేకపోయినది.

దిక్కును గనుగొను విధము చిత్రమైనది. నాలుగు గ్రాహకములను అర్ధతరంగ దూరమున, అనగా రెండు మిల్లీమీటర్లకు లోపల, వరుసగా నుంచుదురు. ఎదుటినుండి వచ్చు తరంగము నాలుగింటిని ఒక్కసారి చేరును. ప్రక్కనుండి వచ్చునది యొకదాని తరువాత నొకదానిని జేరును. ఆ వెనుకబాటే దిక్కును జెప్పును. కాని నాలుగింటితో 30 డిగ్రీలలోపలి వస్తువులు కలిసిపోవును. అందుచే మూడు ప్రేషకములను, నాలుగేసి గ్రాహకముల యెడము వదలి నిలిపి, ఒకదాని తరువాత నొకటి పలుకునట్లు చేయుదురు. అప్పుడు నాలుగు చెవులే పండ్రెండు చెవులవలె పనిచేయును. చూపు 10 డిగ్రీలకు వచ్చును.

ఇదియు చాలదు. 30 మీటర్ల దూరమున 10 డిగ్రీలనగా ఐదు మీటర్లు. లారీ ప్రక్కనే సమానదూరమున, సమానవేగమున పోవు సైకిలువాడు లారీలో గలిసి కనబడును. కావున కొందఱు 12 ప్రేషకములను, 16 గ్రాహకములను గూర్చి 192 చెవుల ఫలమును బొందుచున్నారు. ఈ గణితమంతయు ఆ సైకిలువాని ప్రాణముకొఱకే యని మఱువరాదు.

యాంటెన్నా సిద్ధమైనంతమాత్రమున పని ముగియదు. దానిని గప్పు ప్లాస్టిక్ బంపరు మందము సరిగా లేనిచో తరంగము వెనుకకు మరలును. పై రంగులో లోహపు రజను ఎక్కువైనను, తడిబురద పట్టినను చూపు మందగించును. బండి ముందుభాగమును శుభ్రముగా నుంచుటయు రక్షణలో నొక భాగమే.

బాలబాలికలారా! ప్రయోగశాలలో స్కేలు పట్టి కొలుచునపుడు ఒక గీత అటునిటైన నేమి యని యెన్నడు ననుకొనకుడు. ఆ గీతలో నూఱవపాలు తప్పుటచే ఎదుటనున్న మనుష్యుని గానలేని యంత్రములు నేడు కలవు. చిన్న కొలతను గౌరవించువాడే పెద్ద కార్యమునకు దగినవాడు.