కణ సిద్ధాంతం – విశాఖ తీరపు శైవలాలతో ఒక పరిశీలన

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు కణ సిద్ధాంతంలోని మూడు ప్రతిపాదనలను వివరించగలుగుతారు. కణాన్ని గుర్తించడానికి గోడ ఒక్కటే ఆధారం కాదని ఉదాహరణతో చెప్పగలుగుతారు.

1. సిద్ధాంతం రూపొందిన తీరు

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవి నిర్జీవ కణాల గోడలు మాత్రమే. వాటినే ఆయన 'సెల్స్' అన్నాడు. 1838లో ష్లీడన్ మొక్కలు, 1839లో ష్వాన్ జంతువులు కణాలతో నిర్మితమైనాయని ప్రతిపాదించారు. అయితే కొత్త కణాలు ద్రవంలో స్ఫటికాల వలె ఏర్పడతాయని వారు భావించారు. కణాలు విభజన వల్లే ఏర్పడతాయని రీమాక్ పరిశీలనలు చూపాయి. 1855లో విర్కో దానిని సాధారణ సూత్రంగా ప్రకటించాడు. దీనితో సిద్ధాంతానికి ఈ రూపం వచ్చింది:

(అ) జీవులన్నీ ఒకటి లేదా అనేక కణాలతో నిర్మితమై ఉంటాయి.
(ఆ) జీవుల నిర్మాణానికీ, జీవక్రియలకూ కణమే ప్రమాణం.
(ఇ) ప్రతి కణం అంతకు ముందున్న కణం నుంచే ఏర్పడుతుంది.

2. మూడు శైవలాలు

విశాఖపట్నం తీరంలో ఆటుపోట్లకు మునిగి తేలే రాళ్లపై అనేక శైవలాలు పెరుగుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్తలు 1960వ దశకంలోనే వీటిని అధ్యయనం చేశారు. వాటిలో మూడింటిని పోల్చి చూడండి.

అల్వా: పలుచని ఆకుపచ్చ రేకు వలె ఉంటుంది. దాని మందం రెండు వరుసల కణాలే.

కీటోమార్ఫా: అలల తాకిడి గల రాళ్లపై కుచ్చులుగా పెరుగుతుంది. ప్రతి పోగులో కణాలు ఒకే వరుసలో ఉంటాయి. కీటోమార్ఫా ఆంటెన్నినాలో ఇవి కంటికే కనిపించేంత పెద్దవి.

కాలెర్పా: కాండం, ఆకు, వేరు వంటి భాగాలు కనిపిస్తాయి. కాని లోపల అడ్డుగోడలు లేవు. జీవపదార్థం అంతటా ఏకధారగా ఉండి, అందులో అసంఖ్యాక కేంద్రకాలు ఉంటాయి. అంటే మొక్క అంతా ఒకే కణం!

3. దీని నుంచి గ్రహించవలసినది

కణాలను ఇటుకలతోనూ, జీవిని గోడతోనూ పోల్చడం మనకు అలవాటు. ఈ పోలిక అల్వాకు సరిపోతుంది, కాలెర్పాకు సరిపోదు. అంతమాత్రాన సిద్ధాంతం వీగిపోదు. కాలెర్పాలోనూ జీవపదార్థాన్ని కణత్వచం ఆవరించి ఉంటుంది, కేంద్రకాలు దాని పనిని నియంత్రిస్తాయి. తెగినచోట గాయం త్వరగా పూడుకుపోతుంది. తెగిన ముక్క కొత్త మొక్కగా పెరగగలదు. కొత్తది పాతదాని నుంచే వచ్చింది కదా! కాబట్టి కణానికి ముఖ్యం పరిమాణమో, గోడో కాదు. త్వచం లోపల సాగే జీవక్రియ, తరతరాల కొనసాగింపు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. హుక్ చూసినవాటిని సజీవ కణాలని ఎందుకు అనలేము?
2. కణ సిద్ధాంతంలోని ఏ ప్రతిపాదనను అర్థం చేసుకోవడానికి కాలెర్పా ఎక్కువగా తోడ్పడుతుంది? కారణం రాయండి.