ఇంటర్‌లో 2బి బాగా రాసినవాళ్లు సెకండ్ సెమ్ మ్యాథ్స్‌లో ఎందుకు ఇరుక్కుంటున్నారు?

ఇంటర్ రెండో ఏడాది మ్యాథ్స్ 2బిలో 75కి 70 తెచ్చుకున్న పిల్లాడు బీటెక్ రెండో సెమిస్టర్‌లో మ్యాథ్స్ తప్పాడంటే ఇంట్లో మొదట వినిపించే మాట ‘ఫోన్ ఎక్కువైంది’. అది కొంత నిజమే కావచ్చు. కానీ అసలు కారణం చాలాసార్లు సబ్జెక్టులోనే ఉంటుంది. తప్పింది అమ్మాయి అయితే మాట ఇంకాస్త దూరం పోతుంది. ‘బ్యాక్‌లాగ్ వచ్చింది కదా, చదివింది చాలు’ అని సంబంధాలు చూడటం మొదలుపెట్టే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఆ పేపర్‌లో ఏముందో, పిల్ల ఎక్కడ ఆగిందో అమ్మీకీ తెలియదు, అబ్బాకీ తెలియదు. అడిగినా పిల్లలు సరిగ్గా చెప్పలేరు. ‘మొత్తం రాదు’ అంటారు. మొత్తం రాకపోవడం అనేది దాదాపు ఉండదు. ఒకటి రెండు చోట్ల దారి మూసుకుపోయి ఉంటుంది, అంతే.

ముందు పేపర్ సంగతి. అమెరికా యూనివర్సిటీల్లో దీన్ని చాలాచోట్ల ‘కాల్‌క్యులస్ అండ్ అనలిటిక్ జామెట్రీ – 2’ అంటారు. ఇంటిగ్రేషన్ పద్ధతులు, అనంత శ్రేణులు, శాంకవాలు, పోలార్ కోఆర్డినేట్లు అందులో ఉంటాయి. మన దగ్గర జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్-22 రెగ్యులేషన్‌లో రెండో సెమిస్టర్ పేపర్ పేరు ‘ఆర్డినరీ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అండ్ వెక్టర్ కాల్‌క్యులస్’. పిల్లలు పిలిచేది మాత్రం ఇప్పటికీ ఎం-2 అనే. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2020-21 నుంచి నడిచిన సిలబస్‌లో బీఎస్సీ మ్యాథ్స్‌వాళ్లకు రెండో సెమిస్టర్‌లో తలాలు, గోళాలు, శంకువులతో త్రిపరిమాణ రేఖాగణితం ఉండేది. పేర్లు ఎన్ని మారినా పునాది ఒక్కటే: ఇంటిగ్రేషన్ చేతిలో ఉండాలి, ఆకారాన్ని సమీకరణంగా, సమీకరణాన్ని ఆకారంగా చూడటం రావాలి. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ జార్జ్ థామస్ రాసిన ‘కాల్‌క్యులస్ అండ్ అనలిటిక్ జామెట్రీ’ మన బీటెక్ సిలబస్ కాగితాల్లోని రిఫరెన్స్ పుస్తకాల వరుసలో కూడా కనిపిస్తుంది. కొనేవాళ్లు తక్కువ, అది వేరే మాట.

డిఫరెన్షియేషన్‌లో రూల్స్ ఉన్నాయి. రూల్ తెలిస్తే ఎంత పొడవు లెక్కయినా ఓపికగా చేసుకుంటూ పోవచ్చు, జవాబు వచ్చి తీరుతుంది. ఇంటిగ్రేషన్ దానికి రివర్స్. కానీ రివర్స్‌లో ఆ గ్యారంటీ లేదు. 17ని 23తో గుణించమంటే ఎనిమిదో తరగతి పిల్ల కూడా 391 అని చెబుతుంది. 391 ఏ రెండు సంఖ్యల గుణకారమో చెప్పమంటే పెద్దవాళ్లూ కాగితం తీసుకుంటారు. ఇంటిగ్రేషన్ ఆ రెండో రకం పని. లెక్కను చూసి ఇది ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో పోల్చుకోవాలి.

ఒక ఉదాహరణ. ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్‌ని ఎక్స్‌తో గుణించి ఇంటిగ్రేట్ చేయమంటే ఒకే లైన్. ఎక్స్ స్క్వేర్ స్థానంలో టి అనుకుంటే అయిపోతుంది, జవాబు అదే ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్‌లో మైనస్ సగం. ఇప్పుడు ముందున్న ఆ ఒక్క ఎక్స్ తీసేయండి. చూడటానికి లెక్క తేలికైంది. కానీ ఇప్పుడు మనకు తెలిసిన మామూలు ఫంక్షన్లు వేటితోనూ దానికి జవాబు రాయలేం. ఎంత తెలివైనవాళ్లు కూర్చున్నా రాయలేరు. అలా రాయలేమని గణితంలో రుజువే ఉంది. బీకాం, ఎంబీఏ పిల్లలు స్టాటిస్టిక్స్‌లో చూసే నార్మల్ కర్వ్ ఇదే కుటుంబం. పుస్తకం చివర ఆ నంబర్ల టేబుల్ ఎందుకు అచ్చువేస్తారో చాలామందికి ఎవరూ చెప్పరు. ఫార్ములా లేదు కాబట్టి టేబుల్ ఇచ్చారు.

ఒక్క అక్షరం ఉంటే ఒక లైన్, లేకపోతే అసలు దారే లేదు. కోచింగ్‌లో చాప్టర్ వారీగా ప్రాక్టీస్ చేసిన పిల్లలకు ఈ తేడా కనిపించదు. సబ్‌స్టిట్యూషన్ చాప్టర్‌లో ఉన్న ముప్పై లెక్కలూ సబ్‌స్టిట్యూషన్‌తోనే వస్తాయని చాప్టర్ పేరే చెప్పేస్తుంది. పరీక్ష పేపర్‌లో ఆ పేరు ఉండదు. సబ్‌స్టిట్యూషనా, బై పార్ట్సా, పార్షియల్ ఫ్రాక్షన్సా? ఈ నిర్ణయం తీసుకోవడం నేర్పే పని ఇంటర్‌లో దాదాపు జరగదు. 2బిలో 70 తెచ్చుకున్న పిల్ల ఇక్కడ తడబడటంలో వింత లేదు.

పైగా ఎం-2లో ఇంటిగ్రేషన్‌ను మళ్లీ నేర్పరు, వచ్చు అనుకుని ముందుకు పోతారు. డిఫరెన్షియల్ ఈక్వేషన్ అంటే చివరికి ఇంటిగ్రేట్ చేయాల్సిందే. గ్రీన్, గాస్, స్టోక్స్ సిద్ధాంతాల లెక్కలు పేరు వింటే భయంగా ఉంటాయి. సిద్ధాంతం రాసి, విలువలు పెట్టి, ఆఖర్లో సైన్ స్క్వేర్ తీటాను ఇంటిగ్రేట్ చేయడం దగ్గర ఆగిపోయే పిల్లలు ఎంతమందో. అది 2బి లెక్క. ఇంటికొచ్చి మాత్రం ‘స్టోక్స్ థీరమ్ రాదు’ అని చెబుతారు.

సొమ్ము లెక్కలో శ్రేణులు

శ్రేణులది ఇంకో రకం తిప్పలు. ఇది జేబులోని సొమ్ముతో చెప్పుకుంటే ఇంట్లో ఎవరికైనా అర్థమవుతుంది. ఒక పిల్ల గల్లా డబ్బాలో మొదటి రోజు 1000 రూపాయలు వేసింది. రెండో రోజు 500, మూడో రోజు 250, ఆ తర్వాత 125, ఇలా రోజూ ముందు రోజు దాంట్లో సగం. ఎన్నేళ్లు వేసినా మొత్తం 2000 దాటదు. ఇంకెంత తక్కువుందో సరిగ్గా అంతే మర్నాటికి మిగిలిన కొరతగా సగమవుతూ పోతుంది కాబట్టి దాటే వీలే లేదు.

ఇంకో పిల్ల మొదటి రోజు 1000, రెండో రోజు 1000లో సగం, మూడో రోజు మూడో వంతు, నాలుగో రోజు నాలుగో వంతు వేసింది. 1000, 500, 333, 250, 200... ఇక్కడా రోజువారీ సొమ్ము తగ్గుతూ సున్నా వైపే పోతోంది. మరి ఈ డబ్బాకీ ఒక హద్దు ఉంటుందా? క్లాసులో అడిగితే ఎక్కువమంది ‘ఉంటుంది’ అంటారు. ఉండదు. మూడు, నాలుగు రోజులు కలిపితే 583. అది 500 కంటే ఎక్కువ. ఐదు నుంచి ఎనిమిది వరకు కలిపితే 634, మళ్లీ 500 దాటింది. తొమ్మిది నుంచి పదహారు వరకు ఎనిమిది రోజులు, ఒక్కోరోజు కనీసం 62 రూపాయల 50 పైసలు, మళ్లీ 500 దాటుతుంది. ప్రతిసారీ రెట్టింపు రోజులు తీసుకుంటే ఇంకో 500 ఖాయం. అంటే ఎంత పెద్ద మొత్తం చెప్పినా ఏదో ఒకరోజు దాటుతుంది. కాకపోతే మహా నిదానం. 10,000 దాటడానికి 12,367 రోజులు పడుతుంది. దాదాపు 34 ఏళ్లు.

పదాలు సున్నాకు పోతున్నాయి కాబట్టి శ్రేణి అభిసరిస్తుందని రాసేయడం ఈ చాప్టర్‌లో అందరూ చేసే తప్పు. పదాలు సున్నాకు పోకపోతే శ్రేణి అభిసరించదు, అది నిజం. పోయినంత మాత్రాన అభిసరిస్తుందని కాదు. ఈ రెండు డబ్బాలు గుర్తున్న పిల్ల ఆ తప్పు చేయదు. టెస్టుల పేర్లు బట్టీ పట్టడం తర్వాత సంగతి.

నాఖిస్, ముకాఫీ, జాయిద్

ఉర్దూ తెలిసిన ఇళ్లకు శాంకవాల దగ్గర ఒక సౌకర్యం ఉంది, వాడుకునేవాళ్లే తక్కువ. దీర్ఘవృత్తాన్ని అరబీలో ఖతా నాఖిస్ అంటారు, పరావలయాన్ని ఖతా ముకాఫీ, అతిపరావలయాన్ని ఖతా జాయిద్. నాఖిస్ అంటే తక్కువైనది, ముకాఫీ అంటే సమానమైనది, జాయిద్ అంటే మించినది. గ్రీకు పేర్ల అర్థాలూ ఇవే. దేనికి తక్కువ, దేనికి సమానం? పరావలయం సమీకరణం వై స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు 4ఎఎక్స్. 4ఎ నాభిలంబం పొడవు. అంటే వై భుజంగా ఉన్న చతురస్రం, నాభిలంబం పొడవు ఎక్స్ వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం వైశాల్యాల్లో సమానం. శీర్షం దగ్గర మొదలుపెట్టి ఇదే కొలత తీస్తే దీర్ఘవృత్తంలో చతురస్రం తక్కువవుతుంది, అతిపరావలయంలో మించిపోతుంది. ఉత్కేంద్రత కూడా అదే వరుస: ఒకటి కంటే తక్కువ, ఒకటి, ఒకటి కంటే ఎక్కువ. అమ్మీ ‘నాఖిస్ మాల్’ అని రోజూ వాడే మాటే ఇది.

ఈ పేర్లు ఉత్తినే రాలేదు. గ్రీకు గణితజ్ఞుడు అపోలోనియస్ శాంకవాల మీద రాసిన ఎనిమిది భాగాల గ్రంథంలో 5, 6, 7 భాగాలు ఈనాడు అరబీ అనువాదంలో మాత్రమే మిగిలాయి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో బనూ మూసా సోదరులు ఆ అనువాదం చేయించారు. సుమారు 965లో బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైసమ్ పరావలయాన్ని దాని అక్షానికి లంబంగా ఉన్న గీత చుట్టూ తిప్పితే వచ్చే ఘనపరిమాణం కనుక్కున్నాడు. చుట్టూ ఉన్న స్తూపంలో అది 15లో 8 వంతులు. ఇంటిగ్రేషన్ గుర్తు పుట్టడానికి ఆరు శతాబ్దాల ముందు, వరుస సంఖ్యల నాలుగో ఘాతాల మొత్తం సూత్రం తయారుచేసుకుని మరీ తేల్చాడు. ఈరోజు రెండో సెమిస్టర్ పిల్ల అదే లెక్కను నాలుగు లైన్లలో చేయగలదు. ఆ పేర్లు చెప్పుకుని మురిసిపోతే మార్కులు రావు. ఆ నాలుగు లైన్లు చేసి 15లో 8 వంతులు రాబట్టుకుంటే వస్తాయి.

ఉర్దూ మీడియం నుంచి వచ్చిన పిల్లలది వేరే కష్టం. 1918లో మొదలైన ఉస్మానియాలో ఉర్దూలోనే పాఠాలు జరిగేవి, గణితం పుస్తకాలను దారుల్ తర్జుమాలో అనువదించారు. ఇప్పుడు కాలేజీలో అంతా ఇంగ్లిష్. తక్మిలీ ఎహ్సా అని చదివిన పిల్లకు ఇంటిగ్రల్ కాల్‌క్యులస్ అదేనని తెలియడానికే కొన్ని వారాలు పోతాయి. తెలుగు మీడియం పిల్లకు సమాకలనంతోనూ ఇదే గొడవ. ఒక పాత నోట్‌బుక్‌లో ఎదురెదురుగా మాటలు రాసుకుంటే రెండు రోజుల్లో తీరిపోయే ఇబ్బంది ఇది. లెక్క రాదు అనే జాబితాలో దీన్ని కలపకూడదు.

తప్పిన పేపర్‌తో ఏం చేయాలి

మళ్లీ మొదటి యూనిట్ నుంచి చదవడం అందరూ చేసేదే. మేలైన దారి వేరే ఉంది. మిడ్ పరీక్షల పేపర్లు, నోట్‌బుక్‌లో తప్పిన లెక్కలు ముందేసుకుని ఒక్కోదాని పక్కన కారణం రాయాలి. ఏ పద్ధతి వాడాలో తోచలేదా? పద్ధతి సరే కానీ గుర్తు, భిన్నం, త్రికోణమితి సూత్రం తప్పిందా? టైం సరిపోలేదా? దీనికి పక్కన కూర్చునేవాళ్లకు మ్యాథ్స్ రానక్కర్లేదు. అబ్బా టిక్కులు లెక్కపెడితే చాలు. ఇరవై తప్పుల్లో పన్నెండు రెండో రకానివైతే ఆ పిల్లకు కాల్‌క్యులస్ ట్యూషన్ డబ్బు దండగ. పదో తరగతి ఆల్‌జీబ్రా, ఇంటర్ ఫస్టియర్ త్రికోణమితి మూడు వారాలు చేయించాలి.

మొదటి రకం ఎక్కువైతే చాప్టర్లు కలిపేయాలి. నాలుగైదు చాప్టర్ల నుంచి లెక్కలు చీటీల మీద రాసి, తీసిన చీటీకి ముందు పద్ధతి పేరు మాత్రం చెప్పాలి, లెక్క చేయకుండా. ఇరవై చీటీలకు పావుగంట పట్టదు. పద్ధతి తప్పు చెప్పినవాటినే పూర్తిగా చేయాలి.

ఇంటిగ్రేషన్‌లో ఇంకో మేలుంది. జవాబు సరైనదో కాదో టీచర్‌ని అడగనక్కర్లేదు. లాగ్ ఎక్స్‌ని ఇంటిగ్రేట్ చేస్తే ఎక్స్ లాగ్ ఎక్స్ మైనస్ ఎక్స్ వచ్చింది అనుకుందాం. దాన్ని డిఫరెన్షియేట్ చేస్తే లాగ్ ఎక్స్ ప్లస్ 1 మైనస్ 1, అంటే లాగ్ ఎక్స్. సరిపోయింది. పరీక్షలో ఈ ఒక్క నిమిషం పెట్టే పిల్లలు తక్కువ.

డబ్బు ఖర్చు లేకుండా దొరికేవి కూడా ఉన్నాయి. ఓపెన్‌స్టాక్స్ ‘కాల్‌క్యులస్ వాల్యూమ్ 2’ పుస్తకం ఉచితంగా డౌన్‌లోడ్ అవుతుంది. ఇంటిగ్రేషన్ పద్ధతులు, శ్రేణులు, పోలార్, శాంకవాలు అన్నీ అందులోనే. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు, ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఒకే చరరాశి కాల్‌క్యులస్ వీడియోలు ఉచితం. వీడియో చూడటం చదువు కిందకు రాదు, ఆపి లెక్క చేస్తేనే. ఇంగ్లిష్ వేగం అందకపోతే ఇంటర్ 2బి తెలుగు అకాడమీ పుస్తకం తీసి అదే చాప్టర్ ముందు చూసుకోవచ్చు.

ఇక బ్యాక్‌లాగ్. సప్లిమెంటరీ ఉంటుంది. తర్వాతి ఏడాదికి పోవాలంటే ఎన్ని క్రెడిట్లు కావాలో కాలేజీ ఎగ్జామ్ బ్రాంచ్‌లో అడిగి, రెగ్యులేషన్ కాగితం చూసి తెలుసుకోవాలి, బంధువుల మాట మీద కాదు. ఒక పేపర్ పోవడానికీ ఏడాది పోవడానికీ చాలా తేడా ఉంది. సంబంధాల మాట ఎత్తే ముందు ఆ కాగితం చదవండి. రోజుకు గంటన్నర, ఇంటి పని అడ్డం రాని గంటన్నర, ఆ అమ్మాయికి దొరుకుతోందా లేదా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. అన్నదమ్ములు ఫజర్ తర్వాత పుస్తకం తీస్తుంటే తను నాష్తా పనిలో ఉంటే, పైన చెప్పిన చీటీల లెక్క రాత్రి పదకొండుకే మొదలవుతుంది.