సమ ఉజ్జీల సమరం

మస్కట్ నగరంలో సముద్రతీరాన ఉన్న అజైబాలో గురువారం రాత్రి ఒక తెలుగు ఇంట తరచుగా వినిపించదగిన సంభాషణ ఇది. "అన్నం చల్లారిపోతోంది, రారా!" అని తల్లి పిలుస్తుంది. "ఒక్క ఆటమ్మా! మధ్యలో లేస్తే మావాళ్ళు ఓడిపోతారు" అని కుమారుని సమాధానం. మరునాడు సెలవు. విజయవాడలోని పిన్ని కొడుకు కూడా అదే జట్టులో ఉన్నాడు. తల్లికి తెరపై తుపాకుల మోత తప్ప మరేమీ కనిపించదు. కాని, పిల్లవానిని కట్టిపడేస్తున్నది నిజంగా తుపాకీయేనా?

ఇటువంటి ఆటలలో ప్రసిద్ధమైన కౌంటర్ స్ట్రైక్‌ను 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే యువకులు హాఫ్ లైఫ్ అనే మరొక ఆటను మార్చి రూపొందించారు. జట్టుకు ఐదుగురు. ఒక జట్టు బాంబు అమర్చాలి, రెండవది అడ్డుకోవాలి. దెబ్బతిన్నవాడు, చెడుగుడులో ఔటైన ఆటగానివలె, ఆ రౌండు ముగిసే వరకు చూస్తూ కూర్చోవలసిందే. కనుక ప్రతి అడుగుకూ విలువ ఉంది. ప్రస్తుత పోటీ నిబంధనల ప్రకారం 12 రౌండ్ల తరువాత జట్లు పాత్రలు మార్చుకుంటాయి. ముందుగా 13 రౌండ్లు గెలిచిన జట్టుదే విజయం. అనుకూలమైన చోటు ఏ ఒక్కరి సొత్తూ కాదు.

అసలు రహస్యం ప్రత్యర్థుల ఎంపికలో ఉంది. హంగేరీలో జన్మించి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో (1903-1992) చదరంగానికి ఒక రేటింగు పద్ధతిని రూపొందించారు. 1970లో ఫిడే దానిని స్వీకరించింది. కోనేరు హంపి, వరంగల్‌కు చెందిన అర్జున్ ఇరిగేశి పేర్ల పక్కన కనిపించే సంఖ్య అదే. రేటింగులు సమానమైతే ఇరువురి అవకాశాలూ సమానం. 200 పాయింట్ల తేడా ఉంటే బలవంతునికి దక్కగల ఫలితం సుమారు 76 శాతం. ఆన్‌లైన్ ఆటలు ఇటువంటి లెక్కలతోనే సమ ఉజ్జీలను వెదకి కలుపుతాయి.

ఈ సమానత్వానికి దూరం కూడా అడ్డే. కాంతి తంతువులో సంకేతం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది. మస్కట్ నుండి 1,500 కిలోమీటర్లకు పైబడి ఉన్న ముంబయి సర్వరుకు పోయిరావడానికి కనీసం 15 మిల్లీసెకన్లు, 5,000 కిలోమీటర్ల దూరంలోని ఫ్రాంక్‌ఫర్ట్‌కైతే 50 పడుతుంది. గురి సమానమైనా, సంకేతం ఆలస్యమైనవాడే నష్టపోతాడు.

సరిసమానమైన పోరు ఎందుకు రుచిస్తుంది? 2003లో ఫియోరిల్లో, టోబ్లర్, షుల్ట్జ్ కోతులపై జరిపిన ప్రయోగం ఒక ఆధారాన్ని చూపుతుంది. బహుమతి దక్కే అవకాశం సగానికి సగమైనప్పుడు, నిరీక్షణ వేళ డోపమైన్ నాడీకణాల స్పందన పతాకస్థాయికి చేరింది. తప్పక దక్కుతుందన్నప్పుడూ, దక్కదన్నప్పుడూ అటువంటి స్పందన లేదు. కోతికి వర్తించినదంతా మనిషికి వర్తించదు. మనుష్యులను పరిశీలించిన రయన్, రిగ్బీ, షిబిల్‌స్కీలు 2006లో మరొక సంగతి వెల్లడించారు: సామర్థ్యం, స్వేచ్ఛ, తోటివారి సాన్నిహిత్యం అనే మూడు అవసరాలు తీరడమే ఆటలిచ్చే ఆనందానికి ఆధారం. అజైబా బాలునికి విజయవాడ తమ్ముని స్వరం ఆ మూడవ అవసరాన్ని తీరుస్తున్నది.

అయితే ఆనందానికి మూలమైనదే చిక్కుకూ మూలం. ఓడినా, గెలిచినా మరొక సమ ఉజ్జీ సిద్ధంగా ఉంటాడు. ఈ ఆటకు తనంతట తానుగా ముగింపు రాదు. దానిని ఇంటివారే నిర్ణయించాలి. నడుమ లేస్తే నలుగురు మిత్రులు ఐదుగురిని ఎదుర్కోవలసి వస్తుందన్న కుమారుని మాట సాకు కాదు. భోజనానికి ముందు కొత్త ఆట మొదలుపెట్టరాదన్న తల్లి మాట కూడా అన్యాయం కాదు. "ఇంకా ఎన్ని రౌండ్లురా?" అని ఆమె అడగడం నేర్చిన నాడు, అన్నం చల్లారక ముందే ఆ ప్రశ్నకు నిజమైన జవాబు దొరుకుతుంది.