మీ పుస్తకాలకు గడువు తేదీ రాశారా?

ఐరాల, కాణిపాకం, ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న వాళ్లింటికి వెళ్లి చూడండి. మంచం కింద ఓ అట్టపెట్టె, అటక మీద ట్రంకు పెట్టె, గోడ గూట్లో పదో తరగతి నుంచి మిగిలిన పాఠ్యపుస్తకాలు, టీవీ పక్కన నెలనెలా పెరిగే కరెంట్‌ అఫైర్స్‌ కుప్ప. నోటిఫికేషన్‌ రాగానే ఇల్లంతా వెతుకులాట మొదలవుతుంది. ‘ఇండియన్‌ పాలిటీ బుక్కు యాడ పెట్టినావే?’ అని అమ్మను అడగడం, ఆమెకు కోపం రావడం, చివరికి చిత్తూరు బస్సెక్కి అదే పుస్తకం మళ్లీ కొనుక్కురావడం.

మీ ఇల్లూ ఇలాగే ఉంటే ఒక ఆదివారం దీనికి కేటాయించండి. సర్దడమంటే రంగుల వారీగా పేర్చి స్టేటస్‌లో ఫొటో పెట్టుకోవడం కాదు. ఏ పుస్తకం ఎక్కడుందో రెండు నిమిషాల్లో చెప్పగలగాలి. ఏ పుస్తకాన్ని ఇక నమ్మకూడదో తెలిసుండాలి. ఉద్యోగార్థికి రెండోదే ముఖ్యం. చిత్రంగా, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

పాత పుస్తకం చెప్పే అబద్ధం

మన ఊళ్లలో పుస్తకాలు చేతులు మారుతూ వస్తాయి. అన్న చదివింది తమ్ముడికి, పక్కింటి అక్క చదివింది మనకు. ఖర్చు కలిసొస్తుంది, మంచిదే. కానీ 2021లో అచ్చయిన జనరల్‌ స్టడీస్‌ పుస్తకాన్ని తెరిచి చూడండి. తిరుమల చిత్తూరు జిల్లాలో ఉందని, జిల్లాలో 66 మండలాలని ఉంటుంది. 2022 ఏప్రిల్‌ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఐరాల చిత్తూరులోనే ఉండిపోయింది, తిరుమల తిరుపతి జిల్లాకు వెళ్లింది. మన సొంత జిల్లా సంగతే ఇలా ఉంటే మిగతావి చెప్పక్కర్లేదు.

పోలీసు ఉద్యోగాలకు చదివేవారికి ఇంకా పెద్ద చిక్కు. పాత పుస్తకంలో హత్యకు శిక్ష సెక్షన్‌ 302, మోసానికి 420. సినిమాలు చూసి మనకు నోటికొచ్చిన అంకెలే. 2024 జులై 1 నుంచి భారత శిక్షా స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష ఇప్పుడు 103లో ఉంది, మోసం 318లో. 511 సెక్షన్ల చట్టం పోయి 358 సెక్షన్ల చట్టం వచ్చింది. జీఎస్‌టీలో 12, 28 శాతం శ్లాబులు 2025 సెప్టెంబరు 22తో దాదాపు కనుమరుగై 5, 18 ప్రధానంగా మిగిలాయి. కేంద్రపాలిత ప్రాంతాలు 2020 జనవరి 26 నుంచి ఎనిమిది.

ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఈ మార్పులన్నీ తెలుసు. నిన్నటి సరైన జవాబు ఈ రోజు నాలుగు ఆప్షన్లలో ఒకటిగా కూర్చుని ఉంటుంది. మీరు బాగా చదివారు కాబట్టే దాన్ని ధైర్యంగా గుర్తిస్తారు. నెగెటివ్‌ మార్కులున్న పరీక్షల్లో అది రెండు వైపులా దెబ్బ.

అందుకే పుస్తకాలను సబ్జెక్టు వారీగా విడదీయడానికి ముందు, ఎంతకాలం నమ్మొచ్చు అనే లెక్కతో విడదీయండి. నేల మీద దుప్పటి పరిచి మూడు కుప్పలు పోయండి. అంకగణితం, రీజనింగ్‌, ఇంగ్లిష్‌ గ్రామర్‌, ప్రాచీన చరిత్ర, బేసిక్‌ సైన్స్‌ ఒక కుప్ప. ఇవి ఏళ్ల తరబడి పనికొస్తాయి, శాతాలు కట్టే పద్ధతి ప్రభుత్వాలతో మారదు కదా. రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, ఆంధ్రప్రదేశ్‌ భౌగోళికం, చట్టాలు, పథకాలు రెండో కుప్ప. వీటికి ముద్రణ సంవత్సరమే ప్రాణం. మాసపత్రికలు, బడ్జెట్‌ ప్రత్యేక సంచికలు, కోచింగ్‌ నోట్సు జిరాక్సులు మూడోది. మూడో కుప్పలో ఏడాదిన్నర దాటినవి గూట్లో ఉండాల్సిన పనిలేదు.

రెండో కుప్పలోని ప్రతి పుస్తకం వీపు మీద, అంటే అరలో పెట్టినప్పుడు మనకు కనిపించే సన్నటి అంచు మీద, తెల్ల స్టిక్కర్‌ అంటించి ముద్రణ సంవత్సరం పెద్దగా రాయండి. మందుల సీసా మీద గడువు తేదీ చూసినట్టు చూడాలి దాన్ని. ఒక్క జాగ్రత్త. లోపలి పేజీలో ‘పునర్ముద్రణ’ అని ఉంటే ఏడాది మాత్రమే కొత్తది, విషయం పాతదే కావచ్చు. ‘సవరించిన ముద్రణ’ ఏ ఏడాదిదో వెతికి ఆ అంకె రాయండి. బజార్లో కొనేటప్పుడూ ఈ పేజీ తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. అట్ట మీద మెరిసే ‘లేటెస్ట్‌ ఎడిషన్‌’ ముద్రను నమ్మొద్దు.

తాళం వేసిన గది

ఉన్నదేమిటో జాబితా లేకపోతే భద్రంగా దాచినా లేనట్టే. దీనికి మన తిరుమలను మించిన ఉదాహరణ దొరకదు. తాళ్లపాక అన్నమాచార్యుల కీర్తనలను ఆయన కుటుంబం రాగిరేకుల మీద చెక్కించి ఆలయంలోని ఒక చిన్న గదిలో భద్రపరిచింది. రాగి కాబట్టి చెదలు పట్టలేదు, తడిసి చెడలేదు. అయినా కాలక్రమంలో అందులో ఏముందో పట్టించుకున్నవాళ్లు లేకపోయారు. ఏ.డి.క్యాంప్‌బెల్‌ అనే ఆంగ్లేయ అధికారి 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణం ముందుమాటలో ఈ రేకుల ప్రస్తావన తెచ్చాడు. తిరుపతిలో రాగిరేకుల మీద పాత వ్యాకరణమేదో ఉందని విని వాకబు చేయిస్తే అవన్నీ దేవుడి కీర్తనలని తేలింది. ఆయనకు కావాల్సింది అది కాదు, అక్కడితో వదిలేశాడు. ఆ రేకులు మళ్లీ వెలుగు చూసి, పండితులు పరిష్కరించి అచ్చు వేయడానికి 20వ శతాబ్దం రావాల్సి వచ్చింది. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు దానికి ఏళ్లు వెచ్చించారు.

మీ ట్రంకు పెట్టె అంత గొప్పది కాకపోవచ్చు. జరిగేది మాత్రం అదే.

జాబితాకు ఒక లాంగ్‌ నోట్‌బుక్‌ చాలు. గ్రంథాలయాల్లో దీన్ని అక్సెషన్‌ రిజిస్టర్‌ అంటారు. వరుస సంఖ్య, కొన్న తేదీ, పుస్తకం పేరు, రచయిత లేదా పబ్లిషర్‌, ముద్రణ సంవత్సరం, ధర, ఎక్కడుంది, ఎవరికిచ్చాను... ఇవే గళ్లు. ఒక నియమం మాత్రం తప్పొద్దు. పుస్తకం పోయినా, ఇచ్చేసినా దాని సంఖ్యను ఇంకో పుస్తకానికి వేయకూడదు. గీత కొట్టి, పక్కన ఏమైందో రాయాలి. ఆ సంఖ్యను మొదటి పేజీ మీదా, లోపల మీకు మాత్రమే తెలిసిన ఒక పేజీ మీదా రాయండి. లైబ్రరీలు వాడే పాత కిటుకు ఇది. మొదటి పేజీ చిరిగినా పుస్తకం మీదేనని చెప్పొచ్చు.

ఫోన్‌లో గూగుల్‌ షీట్‌ పెట్టుకుంటే వెతకడం ఇంకా సులువు, షాపులో నిలబడి ‘ఇది నా దగ్గరుందా’ అని చూసుకోవచ్చు. బార్‌కోడ్‌ స్కాన్‌ చేస్తే వివరాలు వాటంతటవే నిండే యాప్‌లూ ఉన్నాయి. అవి ఐఎస్‌బీఎన్‌ అనే 13 అంకెల సంఖ్య మీద ఆధారపడతాయి. మన దేశపు పుస్తకాలకు అది సాధారణంగా 978-81తోనో, 978-93తోనో మొదలవుతుంది. ఇంగ్లిష్‌ పుస్తకాలకు బాగానే పనిచేస్తాయి గానీ, తెలుగు గైడ్లలో, పాత పుస్తకాల్లో చాలావాటికి ఆ సంఖ్యే ఉండదు. కాబట్టి చేత్తో రాసుకోక తప్పదు. వంద పుస్తకాలకు ఒక పూట పని.

ఒకే సబ్జెక్టుకు నాలుగు పుస్తకాలా?

జాబితా రాయగానే బయటపడే నిజం ఒకటుంది. పాలిటీకి నాలుగు, ఆధునిక చరిత్రకు మూడు, ఏదీ పూర్తిగా చదవలేదు! ఇక్కడ కడపకు వెళ్లొద్దాం. 1820లో అక్కడికి ఉద్యోగం మీద వచ్చిన సి.పి.బ్రౌన్‌ తర్వాత వేమన పద్యాల వెంట పడ్డాడు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రకం రాతప్రతి, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. దొరికినన్ని ప్రతులు తెప్పించాడు. సొంత డబ్బుతో పండితులను, లేఖకులను పెట్టుకుని, ప్రతులన్నీ పోల్చి చూసి శుద్ధప్రతి రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. తర్వాత ఎన్నో కావ్యాలకూ ఇదే పద్ధతి. ఆయన గొప్పంతా ప్రతులు పోగేయడంలో లేదు, వాటిని ఒక ప్రతిగా కుదించడంలో ఉంది.

మీరు చేయాల్సిందీ అంతే. నాలుగింటిలో తాజాదాన్ని, మీకు అర్థమయ్యేదాన్ని ‘ప్రధాన ప్రతి’గా పెట్టుకోండి. మిగతా మూడింటిలో అదనంగా ఉన్నది మాత్రమే దాని మార్జిన్లలో, లేదంటే మధ్యలో అతికించిన కాగితాల మీద రాసుకోండి. చట్టం మారిందా? ఆ పేజీలోనే పాతది కొట్టేసి కొత్తది, తేదీతో సహా రాయండి. నెల రోజుల్లో మీ చేతిలో ఒకే పుస్తకం ఉంటుంది. పరీక్షకు ముందు రోజు నాలుగు పుస్తకాలు తిరగేయడం ఎవరి వల్లా కాదు.

అరలో వరుస

లైబ్రరీల్లో పుస్తకం వీపు మీద అంకెలు చూసే ఉంటారు. 1876లో మెల్విల్‌ డ్యూయీ తెచ్చిన దశాంశ పద్ధతి అది. అందులో 500లు సైన్స్‌, 900లు చరిత్ర, భూగోళం. తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది. ఇంట్లో వంద పుస్తకాలకు అంత అవసరం లేదు. ఒక్కో పరీక్షకు ఒక్కో అర పెట్టుకోండి, అందరికీ ఉమ్మడి సబ్జెక్టులు మధ్య అరలో, కూర్చుంటే చేయి అందే ఎత్తులో. సిలబస్‌ ప్రింటు తీసి అర తలుపుకో, గోడకో అతికించండి. సిలబస్‌లోని ఏ అంశానికి మీ దగ్గర పుస్తకం లేదో వెంటనే కనిపిస్తుంది. కొత్తగా కొనాల్సింది అదొక్కటే.

కథలు, నవలలు కూడా ఉంటే రచయిత పేరుతో అకారాది క్రమంలో పెట్టండి. పేరు దగ్గర మనకో తికమక ఉంది. రావిశాస్త్రిని ‘ర’లో పెట్టాలా, రాచకొండ విశ్వనాథశాస్త్రి అని వెతకాలా? ఆయన విషయంలో రెండూ ‘ర’ కాబట్టి బతికిపోయాం. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి. అట్ట మీద ఉన్న పేరుకే కట్టుబడితే గొడవ ఉండదు. మన జిల్లా కథకులు మధురాంతకం రాజారాం, నామిని, కె.సభా పుస్తకాలు ఉంటే వాటికి విడిగా చోటివ్వండి. ఇంటర్వ్యూలో హాబీ ‘పుస్తకాలు చదవడం’ అని రాసేవారిని వెంటనే వచ్చే ప్రశ్న, ఈ మధ్య ఏం చదివారు అని. ఆ అర వైపు నెలకోసారైనా చెయ్యి వెళ్లకపోతే ఆ హాబీ రాయకండి.

ప్రతి అరలో కాస్త ఖాళీ వదలండి. గ్రంథాలయం పెరుగుతూ ఉంటుందన్నది ఎస్‌.ఆర్‌.రంగనాథన్‌ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో ఒకటి. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది ఇంకోటి. లెక్కల మాస్టారుగా ఉన్న ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్‌గా చేరారు. అప్పటికి ఆ పనిలో శిక్షణ లేదు, మొదట్లో మనసూ కుదరలేదు. లండన్‌ వెళ్లి నేర్చుకొచ్చాక మాత్రం ఆ శాస్త్రానికే కొత్త దారి చూపారు.

చెదలు, తేమ

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. పాత మిద్దె ఇళ్లలో గోడ గూళ్లు చెమ్మగిల్లుతాయి. పుస్తకాల బీరువాను గోడకు ఆనించకుండా రెండు వేళ్ల సందు వదలండి, అడుగున ఇటుకలు పెట్టండి. నేల మీద అట్టపెట్టెలో పెట్టారంటే చెదలకు భోజనం పెట్టినట్టే, మొదట పెట్టెను తిని ఆ తర్వాత పుస్తకాల్లోకి వస్తాయి. తాళపత్రాల మూటల్లో పెద్దలు వసకొమ్ము పెట్టేవారు. కిరాణా కొట్లో దొరుకుతుంది, చిన్న గుడ్డలో కట్టి అరకు ఒకటి వేయండి. వేపాకు వేసేట్టయితే నీడలో బాగా ఆరబెట్టి వేయాలి, పచ్చిది వేస్తే తేమ చేరుతుంది. ఆరు నెలలకోసారి పుస్తకాలన్నీ తీసి, దులిపి, నీడలో గాలికి పెట్టాలి. ఎండలో పెట్టకండి, కాగితం పెళుసవుతుంది.

ఈ పనే నచ్చేస్తే?

కొందరికి చదవడం కన్నా సర్దడమే బాగుంటుంది. అదీ ఒక చదువే. ఏ డిగ్రీ చేసినవారైనా బ్యాచిలర్‌ ఆఫ్‌ లైబ్రరీ అండ్‌ ఇన్ఫర్మేషన్‌ సైన్స్‌ చేయొచ్చు, ఏడాది కోర్సు. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఈ విభాగం ఉంది. ఇంట్లో ఉండి చదవాలనుకునేవారికి ఇగ్నో ఉంది. మాస్టర్స్‌ తర్వాత యూజీసీ నెట్‌ కూడా ఈ సబ్జెక్టులో రాయొచ్చు. పోస్టులు లక్షల్లో పడవు, ఆ సంగతి ముందే తెలుసుకుని చేరండి. కాలేజీ లైబ్రరీల్లో వాడే కోహా సాఫ్ట్‌వేర్‌ ఉచితం. మీ వంద పుస్తకాలను అందులో ఎక్కించి చూస్తే ఈ పని మీకు సరిపడుతుందో లేదో వారంలో తెలిసిపోతుంది.

ఇక తీసేసే పుస్తకాలు. పాఠ్యపుస్తకాలు, గ్రామర్‌, అంకగణితం జూనియర్లకు ఇవ్వండి, నవలలు తీసుకుంటారేమో దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో అడగండి. పాత చట్టాల పుస్తకాలు, పాత కరెంట్‌ అఫైర్స్‌ మాత్రం ఎవరికీ దానం చేయకండి. మీకు పనికిరానిది ఇంకొకరి మార్కులు తీస్తుంది. వాటిని కిలోల లెక్కన పాత కాగితాలకు వేసేయండి. వేసే ముందు ఒక్కొక్కటీ వీపు పట్టుకుని తలకిందులుగా దులపండి. పోయిందనుకున్న ఇంటర్‌ మార్కుల మెమో, ఆధార్‌ జిరాక్స్‌, పాత హాల్‌టికెట్‌, ఒక్కోసారి అయిదొందల నోటు కూడా అక్కడే ఉంటాయి.