మీకు తెలుసా? మన హైవే చివర సముద్రమే!

నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై మచిలీపట్నం (బందరు)లో ఆగుతుంది. తక్కువ ఖర్చులో తీరం చూడాలంటే ఇదే దారి.

• విజయవాడలో బస్సు మారితే బందరు చేరినట్టే. అక్కడి నుంచి మంగినపూడి బీచ్ సుమారు 11 కి.మీ.

• 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు మాత్రం బ్యాగు పైజేబులోనే ఉంచుకోండి.

• మంగినపూడి తీరానిది నల్లమట్టి. తడిస్తే కాలికి అంటుకుంటుంది. చెప్పులు చేతబట్టుకోక తప్పదు!

• జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం చూశారా? అయితే బందరుకు దగ్గర్లోని ఘంటసాలలో ఇంకోటి ఉంది. అది ఒకప్పటి రేవు పట్టణం.

• తిరుగు ప్రయాణంలో సంచిలో బందరు లడ్డుకు చోటుంచండి. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.